నీలం మూత డబ్బా

స్టేషన్లో ఆ తల్లిని కూర్చోబెట్టిన బెంచీకి ఒక కాలు పొట్టి. నేను పక్కన కూర్చోగానే టక్కుమంది. ఆ తర్వాత మళ్ళీ చప్పుడు లేదు. ఆవిడ కదిలితే కదా.

"పది నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర నిలబడి. "ఐదింటికి మేజిస్ట్రేటు గారి ముందు పెట్టాలి. అడిగేదేదో అడుక్కోండి డిటెక్టివ్ గారూ. మొగుళ్ళ మీద అనుమానం కేసులు అయిపోయాయా, పిల్లల కేసుల్లో పడ్డారు?"

"ఆ అనుమానాలు ఎప్పటికీ అయిపోవు సార్. కావాలంటే మీ ఇంట్లో అడగండి."

రైటర్ సీట్లో ఉన్న కానిస్టేబులమ్మ ఫైల్లో తల దూర్చేసింది. ఇన్‌స్పెక్టర్ ఆమె వంక ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు.

మొన్న స్కూల్లో మెట్లెక్కుతూ ఈ తల్లి కొడుకు కుప్పకూలాడు. పదేళ్ళవాడు. ఇప్పుడు పెద్దాసుపత్రి ఐసీయూలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. వాడి రక్తంలో ఆకలి చంపే మందు దొరికింది. ఒళ్ళు తగ్గడానికి ఒకప్పుడు పెద్దవాళ్ళు వాడేవాళ్ళట. గుండెని పరిగెత్తించి పరిగెత్తించి ఆపేస్తోందని ఎప్పుడో నిషేధించారు. అది పదేళ్ళవాడి ఒంట్లోకి ఎలా వచ్చిందంటే, తల్లే పెట్టిందని ఇన్‌స్పెక్టర్ అంటాడు. లావుగా ఉన్న కొడుకుని చూసి నామోషీపడి దొంగమాత్రలు కొని మింగించిందని కేసు రాశాడు. తల్లి మాత్రం ఒకటే మాట. నేను పెట్టింది ఒళ్ళు తగ్గించే క్లినిక్ వాళ్ళిచ్చిన పొడి, ఇంకేమీ లేదు.

నన్ను ఈ పనికి పెట్టుకుంది ఆవిడే. పోలీసులు జీపెక్కించే ముందు ఫోన్ చేసింది.

నేను పెద్ద చదువులేం చదవలేదు. నాకు వచ్చిన విద్య ఒకటే. ఏది జరగకూడదో అదే జరిగిందనుకుని మొదలుపెడతాను. మా అబ్బాయి ఫోన్ ఎత్తడం కాస్త ఆలస్యమైతే చాలు, వాడు ఏ రోడ్డు మీద పడి ఉన్నాడో, ఎవరు ఆసుపత్రిలో చేర్పించారో, ఎవరెవరికి కబురు పెట్టాలో, అంత దూరం వెళ్ళిపోతాను. వాడు తీరిగ్గా "స్నానం చేస్తున్నానమ్మా" అంటాడు. ఇంట్లో దీన్ని జబ్బంటారు. ఈ పనిలో నాకు తిండి పెడుతున్నది ఈ జబ్బే.

అందుకని ముందు ఈ తల్లే చేసిందనుకుని చూశాను ఆవిడ మొహంలోకి.

ఏడవలేదు. ఏడుపు దాటిపోయినట్టుంది. నాకూ ఏమీ అనిపించలేదు. పిల్లల కేసు చేతికొస్తే నాకు ముందే మొద్దుబారిపోతుంది, పన్ను పీకే ముందు చిగురుకి సూది వేసినట్టు. నొప్పి ఉందని తెలుస్తుంది. అది నాదని తెలియదు.

"కళ్ళు తెరిచాడా అక్కా?"

"ఇంకా లేదు."

"తెరిచేసరికి నేను లేకపోతే భయపడతాడు. చీకటంటే భయం వాడికి."

"ఐసీయూలో లైట్లు ఆపరులే. పొడి ఎవరు కలిపేవాళ్ళు?"

"నేనే. హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను, ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. గోరువెచ్చటి నీళ్ళలో ప్యాకెట్ కలిపి, గ్లాసు వాడి మంచం పక్కన పెట్టి పోయేదాన్ని. నీళ్ళు బాగా వేడిగా ఉంటే పురుగులు చచ్చిపోతాయన్నారు."

"పురుగులా?"

"మంచివేనంట. పొట్టలో ఉండేవి. సన్నగా ఉండే పిల్లలకి అవి చాలా ఉంటాయంట, మావాడికి లేవంట. అందుకే ఏం తిన్నా ఒంటికి పట్టేస్తోందన్నాడు డాక్టరు గారు. ఆ పురుగుల్నే పొడి చేసి ఇస్తారంట."

"వాడు తాగడం నువ్వు కళ్ళారా చూశావా?"

"నాకు బస్సు దొరకదు కదక్కా. అత్తయ్య చూసుకునేది."

"మిగిలిన ప్యాకెట్లు ఎక్కడ?"

"ఫ్రిజ్ తలుపుకి వెన్న పెట్టే అర ఉంటుంది చూడు, అందులో. సగం డబ్బా ఉండాలి."

"పోలీసులకి దొరకలేదు."

"ఉండాలి. నేను తియ్యలేదు."

ఇక్కడే ముడి పడింది. ఆ ప్యాకెట్లు దొరికితే పరీక్షకి పంపొచ్చు. మందు అందులోనే ఉందని తేలితే ఈ తల్లి బయటికొచ్చి కొడుకు మంచం పక్కన కూర్చుంటుంది. దొరక్కపోతే జైల్లో కూర్చుంటుంది. కొడుకు బతికినా పోయినా గోడల అవతల నించి వినాల్సిందే.

"ఇంటి తాళం ఎవరెవరి దగ్గరుంది?"

"నా దగ్గరొకటి, అత్తయ్య దగ్గరొకటి. ఆయన లారీ మీదున్నాడు, రేపటికి గానీ చేరడు."

"మీ అత్తయ్య ఏదీ?"

"చిట్టిని తీసుకుని మా ఆడపడుచు ఇంటికెళ్ళింది. చిట్టి మా రెండోది, నాలుగేళ్ళు. ఆసుపత్రిలో పసిదాన్ని ఎందుకు తిప్పడమని నేనే పంపాను." నా ముఖంలో ఏం కనబడిందో ఏమో, ఆవిడ మొదటిసారి కాస్త గొంతు పెంచింది. "అత్తయ్య మంచిదక్కా. వాడంటే ప్రాణం. నువ్వట్లా అనుకోకు."

నేను అప్పటికే అట్లా అనుకోవడం మొదలుపెట్టేశాను. ఆ ముసలావిడ ఫోన్ నంబరు తీసుకుని లేచాను.

*

క్లినిక్ వరండాలో పిల్లలు వరసగా కూర్చున్నారు. ఒక అమ్మాయి స్కూలు సంచి ఒళ్ళో పెట్టుకుని, పొట్ట కనబడకుండా రెండు చేతులూ దాని మీద వేసుకుంది. బరువు మిషన్ మూలన ఉంది. ఎక్కితే అంకెని పైకి చదువుతుంది. యాభై ఆరు కిలోల ఏడు వందల గ్రాములు, అని ఎవరో పిల్లాడి బరువు వరండా అంతా వినబడేట్టు చెప్పింది. వాడు దిగి చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

డాక్టరు నలభై దాటనివాడు. మెత్తగా మాట్లాడతాడు. నాకు కుర్చీ చూపించి, నీళ్ళు తెప్పించి, అప్పుడు మొదలుపెట్టాడు.

"చాలా బాధగా ఉంది మేడమ్. కానీ పోలీసులకి చెప్పిందే మీకూ చెప్తాను. ఆ బాబు మా పొడి తినలేదు."

"తల్లి రోజూ కలిపానంటోంది."

"తల్లులు చాలా అంటారు." లేచి గోడవారనున్న ఫ్రిజ్ తెరిచాడు. లోపల చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, అన్నిటికీ నీలం మూతలు. "నెలకొకసారి ప్రతి పిల్లాడి మలం ఇట్లాంటి డబ్బాలో పెట్టి తీసుకురావాలి. మేం పరీక్ష చేస్తాం. మా పొడిలో మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. రోజూ తినే పిల్లల మలంలో అది కనబడి తీరాలి. ఈ బాబుది మొదటి నెల లేదు. రెండో నెల లేదు. మూడోది పది రోజుల కింద వచ్చింది. అందులో కాస్త కనబడింది."

"కనబడింది కదా మరి?"

"పరీక్ష దగ్గరపడిందని నాలుగు రోజులు పెట్టి ఉంటుంది. ఏడాదంతా ఆడుకుని ముందురోజు చదివే పిల్లలుంటారు చూడండి, అట్లా." చిన్నగా నవ్వాడు. "మనుషులు అబద్ధం చెప్తారు. మలం చెప్పదు."

"మీ పొడి తినకుండానే పిల్లాడు ఆరు కిలోలు తగ్గాడా?"

"అదే కదా మేడమ్ నేనంటున్నది. మాది తినకుండా తగ్గాడంటే ఇంకేదో తిన్నాడనే అర్థం. ఆ ఇంకేదో రక్తంలో దొరికింది."

గట్టి లెక్క. ఎక్కడ తట్టినా డొల్లగా మోగడం లేదు. నేను ఇంకో వైపు నించి తట్టి చూశాను.

"ఆ పిల్లాడికిచ్చిన రకం ప్యాకెట్లు మీ దగ్గర ఉన్నాయా?"

"పోలీసులు తీసుకెళ్ళి పరీక్ష చేయించారు. శుభ్రంగా ఉన్నాయి."

"అప్పుడు తయారైనవేనా అవి?"

"లేదు. ఇవి కొత్తగా వచ్చినవి. పాతవి అయిపోయాయి."

"ఎప్పుడయిపోయాయి?"

"ఈ వారం."

"ఈ వారంలోనే పిల్లాడూ పడిపోయాడు."

డాక్టరు చెయ్యి ఫ్రిజ్ తలుపు మీద ఉంది. తీయలేదు. "వారంలో చాలా జరుగుతాయి మేడమ్."

ఆ మాట అన్న తీరుకి నాకు వెన్నులో ఏదో పాకాలి. పాకలేదు. మొద్దుబారడంలో ఉన్న సుఖం అదే. నష్టం కూడా అదే.

"ఆ డబ్బాలో ఎట్లా నింపుతారు?" అని అడిగాను. "కమోడ్‌లో పడ్డది నీళ్ళలో కలిసిపోతుంది కదా?"

"నీళ్ళు తగిలితే పనికిరాదు." ఇలాంటి ప్రశ్న ఆయనకి హాయిగా ఉన్నట్టుంది, అలమర లోంచి ఒక కవరు తీసి చూపించాడు. అందులో నీలం మూత డబ్బా, మూతకే అంటుకుని లోపలికి దిగిన చిన్న చెంచా, మడత పెట్టి సీలు స్టిక్కరు వేసిన ఒక కాగితం. "ఈ కాగితం విప్పి సీటుకి అడ్డంగా అంటిస్తే జోలెలా వేలాడుతుంది. అందులో పడ్డది చెంచాతో తీసి డబ్బాలో వెయ్యాలి. ఒక్కో పరీక్షకి ఒక్కో కాగితం."

"జోలె లేకుండా కుదరదా?"

"కమోడ్ మీద కూర్చునే పిల్లలకి కుదరదు."

*

ఇంటికి సీలు వేసి ఉంది. ఇన్‌స్పెక్టరే వచ్చి తీయాలి. నాలుగవుతుండగా వచ్చాడు, మొహం గంటు పెట్టుకుని.

"ఒకసారి మేం వెతికిన ఇల్లు మళ్ళీ వెతకడమంటే నన్ను చేతకానివాడనడమే."

"మీరు ప్యాకెట్ల కోసం వెతికారు. నేను ఇల్లు చూస్తాను."

"రెండూ ఒకటి కాదా?"

"మీ ఆవిడకి చిటికెలో కనబడే చీపురు మీరు వెతికితే ఎందుకు దొరకదో, ఇదీ అంతే."

రెండు గదులు, ఒక వంటగది. ఫ్రిజ్ తెరిచాను. తలుపు అర ఖాళీ. అందులో ప్యాకెట్ల డబ్బా ఆనిన చోట తేమ ఆరి నలుచదరంగా గుర్తు ఉంది. లాక్కుని కంగారుగా తీసుంటే పక్కనున్న సాసు సీసా పడాలి, లేదా జరగాలి. సీసా ఉన్నచోటే ఉంది, మూత కూడా చక్కగా తిప్పి ఉంది. తీసినవాళ్ళు తీరిగ్గా తీశారు. తమ ఇంట్లో తమ వస్తువు తీసుకున్నట్టు.

"ముసలావిడని అడిగారా?"

"అడక్కుండా ఉంటామా? 'నేను ఒక్కటి కూడా పారెయ్యలేదు నాయనా, అంత ఖరీదైన మందు పారేస్తానా' అంది. అమాయకురాలు. కోడలు ముందే తీసి కాలవలో కలిపేసింది." ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి ఆనుకున్నాడు. "ఇంకో మాట వినండి. తల్లి ఫోన్లో ఏముందో తెలుసా? త్వరగా సన్నబడే మాత్రలు ఎక్కడ దొరుకుతాయని వెతికింది. మూడు నెలల కింద."

"వెతికితే కొన్నట్టా? నేను రోజూ పడుకోబోయే ముందు కాన్సర్ లక్షణాలు వెతుకుతాను. ఇంతవరకూ రాలేదు."

"మీకు రాదు. కాన్సర్‌కే మీరొస్తారని భయం."

బాత్రూమ్‌లోకి వెళ్ళాను. ఎత్తుగా ఒక కమోడ్. గోడకి అద్దం లేదు. మేకు ఉంది, అద్దం ఉన్నంత మేర గోడ తెల్లగా ఉంది. ఎవరో తీయించేశారు. తలుపు గొళ్ళెం ఒకటి పాతది, దాని పైన ఇంకొకటి కొత్తది. రెండు గొళ్ళాలు వేసుకుని, అద్దం లేని గదిలో స్నానం చేసే పదేళ్ళవాడు నా కళ్ళ ముందు నిలబడ్డాడు. ఏదో అనిపించబోయింది. అది పూర్తిగా రాకముందే పైన అలమర వంక చూశాను.

సబ్బుల వెనక, మడత నలగకుండా, మూడు కాగితాలు.

ముందుకి లాగాను. మూడింటికీ సీలు స్టిక్కరు అట్లాగే ఉంది. ఒక్కటీ విప్పలేదు.

"సార్, ఒకసారి ఇట్లా రండి."

"దొరికాయా ప్యాకెట్లు?"

"కాదు. ఈ ఇంటి నించి క్లినిక్‌కి మూడు డబ్బాలు వెళ్ళాయి. ప్రతి డబ్బాతో ఒక కాగితం జోలె ఇస్తారు. అది లేకపోతే కమోడ్ మీద కూర్చునేవాడి మలం తీయడానికి లేదు. డాక్టరే చెప్పాడు. మూడు జోలెలూ ఇక్కడే ఉన్నాయి. మరి డబ్బాలెట్లా నిండాయి?"

ఇన్‌స్పెక్టర్ కాగితాలు తిప్పి తిప్పి చూసి నాకిచ్చేశాడు. "వార్తాపత్రిక వేసుంటారు."

"మంచి కాగితం చేతిలో పెట్టుకుని? ఈ రెండు గొళ్ళాల పిల్లాడు ఎవరినైనా లోపలికి రానిస్తాడా, ఇంకొకరి చేత చెంచాతో తీయించుకుంటాడా? వాడి వయసులో మా అబ్బాయి బనీను మార్చుకోడానికి కూడా నన్ను బయటికి పొమ్మనేవాడు." తలుపు వెనక్కి వంగి, అక్కడున్నదాన్ని కాలితో ముందుకు జరిపాను. పసుపుపచ్చటి ప్లాస్టిక్ గిన్నె, బాతు తలకాయతో. చిన్నపిల్లలు కూర్చునే పాటీ. "ఇందులో అయితే నీళ్ళుండవు. జోలె అక్కర్లేదు. చెంచా ఉంటే చాలు."

ఆయన బాతుని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"చిన్నపిల్లదా?"

"నాలుగేళ్ళది. బక్కపిల్ల. క్లినిక్ వాళ్ళు మూడు నెలలుగా పరీక్ష చేసింది ఆ పిల్లని. పెద్దవాడిది ఒక్కసారి కూడా చూడలేదు. కాబట్టి వాడు పొడి తినలేదనడానికి డాక్టరు దగ్గర ఏ రుజువూ లేదు. తల్లి చెప్పిందే నిజం. వాడు రోజూ తిన్నాడు, తిన్నదే వాణ్ణి పడగొట్టింది."

"ఇదంతా మీ ఊహ."

"ఊహే. అయితే ఐసీయూలో వాడికి డైపర్ కట్టారు. అందులోది పంపించండి పరీక్షకి, క్లినిక్‌కి కాదు, ఇంకెక్కడికైనా. ఆ బ్యాక్టీరియా దొరికితే మీ కేసు మీరే చించుకోవాలి."

ఇన్‌స్పెక్టర్‌ది ఎంతైనా ఇరవై ఏళ్ళ సర్వీసు. తప్పు కనబడితే ముందు కోపమొస్తుంది, వెంటనే లెక్క మొదలవుతుంది. పాటీ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆగాడు. మీసం కింద పెదవి కదిలింది. దొరికానన్నమాట.

"సరే. మీ లెక్కే తీసుకుందాం. మొదటి నెల, రెండో నెల బ్యాక్టీరియా లేదు. ఎందుకు? చిన్నపిల్ల పొడి తినదు కాబట్టి. బాగుంది. మరి మూడో నెల డబ్బాలో ఎందుకుంది?" వేలెత్తి చూపించాడు. "చెప్పండి డిటెక్టివ్ గారూ. అదీ చిన్నపిల్లదే కదా? పొడి తినని పిల్లలో పొడి ఎట్లా వచ్చింది?"

నన్ను ఓడించడానికి అడిగాడు. నిజంగా ఓడిపోతే బాగుండేది.

చేతిలో ఉన్న కాగితాలు కింద పెట్టాననుకుంటా. తర్వాత అవి నేల మీద కనబడ్డాయి. నాకు గుర్తు లేదు. ఫోన్ తీసి ముసలావిడ నంబరు నొక్కడం మాత్రం గుర్తుంది. స్పీకరులో పెట్టాను.

"ఎవరూ?"

"పెద్దమ్మా, మీ కోడలు పంపితే మాట్లాడుతున్నాను. డిటెక్టివ్‌ని."

"దాన్ని వదిలేశారా? పాపం దానికేం తెలీదమ్మా, గొడ్డులా పనిచేస్తుంది."

"వదిలేస్తారు. ఒక్కటి చెప్పండి. క్లినిక్‌కి పంపే డబ్బాలో ఎవరిది వేసేవాళ్ళు?"

అవతల చిన్న నవ్వు. సిగ్గుతో కాదు. దొరికిపోయిన పిల్లల నవ్వు. "చిట్టిదే వేసేదాన్ని. పెద్దాడు తలుపేసుకుంటే తియ్యడమ్మా, అడిగితే ఏడుస్తాడు. ఇద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్ళేగా, ఏం తేడా ఉంటుంది? ఇది శుభ్రంగా తిని శుభ్రంగా ఉన్న పిల్ల. దీనిదైతే డాక్టరు బాగుందంటాడు, కోడలికి చీవాట్లు తప్పుతాయనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర నించి కదిలి దగ్గరికొచ్చాడు.

"గ్లాసులో పొడి నీళ్ళు వాడు మొత్తం తాగేవాడా?"

"ఎక్కడ! ఈ మధ్య ఓ నెల నించీ వాంతి వస్తోందని సగం వదిలేస్తున్నాడు. అంత డబ్బు పోసి తెచ్చింది మోరీలో పోస్తామా? చిట్టికి తాగించేదాన్ని. బళ్ళో వాణ్ణి డ్రమ్ము డ్రమ్ము అంటుంటే నా కడుపు తరుక్కుపోయేది. దీనికి ఇప్పట్నించే ఆ పురుగులు పడితే, పెద్దయ్యాక ఆ మాట పడక్కర్లేదు కదా."

"ఫ్రిజ్‌లో డబ్బా..."

"నా సంచిలోనే ఉంది. పోలీసాయన పారేశావా అన్నాడు, లేదన్నాను. తెచ్చుకున్నావా అని అడిగితే అదీ చెప్పేదాన్ని."

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడు చిట్టికి ఎంత ఇస్తున్నారు పెద్దమ్మా?"

"ఇప్పుడు సగం వాటా అడగడానికి వాడు లేడుగా. మొత్తం ప్యాకెట్ దీనికే."

యాభై ఆరు కిలోలు పలికిన మిషన్ మీద చిట్టి అన్న లాంటి పిల్లలు ఎక్కుతారు. వాళ్ళ కోసం కట్టిన ప్యాకెట్. ఈ పిల్ల ఎక్కితే ఎంత పలుకుతుంది? పదమూడో, పద్నాలుగో. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది, చాలా మామూలుగా.

"చిట్టి ఎట్లా ఉంది?"

"బంగారం. మారాం లేదు. తిండి ఊసే ఎత్తదు, అడిగితే వద్దంటుంది. రాత్రంతా గంతులే, మమ్మల్ని కూడా పడుకోనివ్వలేదు. మా అమ్మాయి విసుక్కుని పొద్దున్నే పనికి పోయింది. ఇందాక అన్నం కలుపుతుంటే నా ఒళ్ళోనే వాలిపోయింది పిచ్చిది. చెమటలు పడుతున్నాయని ఫ్యాన్ కింద పడుకోబెట్టాను."

"లేపండి."

"ఇప్పుడే కదమ్మా కన్నంటుకుంది..."

"లేపండి పెద్దమ్మా."

"ఇల్లెక్కడ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నాతో. "ఆ ఆడపడుచు ఇల్లెక్కడ?" స్పీకరులోంచి ముసలావిడ వీధి పేరు చెప్పగానే బయటికి పరిగెత్తాడు. జీపు దగ్గర వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు, అంబులెన్స్ అంటున్నాడు, పెద్దాసుపత్రి అంటున్నాడు, నాలుగేళ్ళు, ఆడపిల్ల, నాలుగేళ్ళు అని రెండుసార్లు అన్నాడు. ఇందాక నాతో పోట్లాడిన గొంతు కాదది. నేను వెనకే నడిచాను. కాళ్ళు బాగానే పడుతున్నాయి. ఫోన్ చెవికి ఆనించుకున్నాను. జీపెక్కాను.

ఫోన్లో చెప్పులు ఈడుస్తున్న చప్పుడు. తలుపు. ఫ్యాన్ గరగర.

"చిట్టీ. ఓ చిట్టీ. లేమ్మా, ఎవరో ఫోన్లో అడుగుతున్నారు నిన్ను." గాజుల చప్పుడు, తట్టుతున్నట్టుంది. "మొద్దు నిద్దరమ్మా దీనిది. చిట్టీ... లేవవే... ఇటు చూడు నాన్నా..."

జీపు మలుపు తిరిగింది. ఇన్‌స్పెక్టర్ నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఏమని ఊపానో నాకే తెలీదు.

"చిట్టీ!"

ఈసారి గొంతు వేరు. ఫోన్ కింద పడ్డట్టుంది, మాటలు దూరం నించి వస్తున్నాయి. ఆవిడ చిట్టిని పిలవడం మానేసింది. కోడల్ని పిలుస్తోంది. "ఇదిగో, ఒకసారి ఇట్లా రావే, పిల్ల ఎట్లానో ఉంది చూడవే, ఎక్కడున్నావే" అని గట్టిగా, ఇంకా గట్టిగా, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

పిల్ల తల్లి స్టేషన్లో ఉందన్న సంగతి ఆవిడకి గుర్తులేదు.